అమ్మమ్మ డబ్బింగ్ చెప్పిన ఫ్రెంచి సినిమాలు

నాకు నిలకడ లేదని ఇంట్లో అందరూ తేల్చేశారు. నాకేం కావాలో చిన్నప్పుడే తెలుసని ఎవరికీ తట్టలేదు.

ఇవాళ పాత సామాన్ల షాపులో వీడియో క్యాసెట్ల వాసన తగలగానే అమ్మానాన్నలు దేశం విడిచి వచ్చి కాపురం పెట్టిన మౌంట్ రాస్కిల్‌లోని మా అద్దె ఇల్లు గుర్తొచ్చింది. మీ ఇళ్లలోనూ వీసీఆర్ మీద అల్లిక గుడ్డ కప్పేవారు కదూ?

మా దగ్గరకు వచ్చి ఉన్న అమ్మమ్మకు ఇంగ్లీషు రాదు, నాకు తెలుగు అంతంతమాత్రం. అందుకని నాన్న లైబ్రరీ నుంచి మాటలు లేని పాత ఫ్రెంచి కామెడీలు తెచ్చేవారు. గిరగిరా తిరిగే తలుపులో వెయిటర్ ఇరుక్కుంటే అమ్మమ్మ, “ఒరేయ్ సన్నాసీ, తొయ్యకురా, ఆగు!” అని అరిచేది. మర్నాడు వార్డ్‌రోబ్ తలుపుతో నేను అదే చేసి చూపిస్తే, “వాడికన్నా నువ్వే నయమే తల్లీ!” అని కళ్లు తుడుచుకుంటూ నవ్వేది.

ఆ సినిమాలే లేకపోతే ఒకే ఇంట్లో పరాయివాళ్లలా ఉండిపోయేవాళ్లం.

ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాను. మూకాభినయం నేర్చుకోవడానికి వెళ్తున్నాను.