ఆశీర్వాదం సారు తేల్చని పికప్

మా సంఘపు గాయక బృందానికి పెద్ద దిక్కు, మా బడిలో లెక్కల ఉపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంత జీవితం గడుపుతున్న ఆశీర్వాదం సారు గత గురువారం ఉదయం గుండె ఆగి ప్రభువు సన్నిధికి చేరుకున్నారు. నేను తొమ్మిదో తరగతికి సంధులు చెబుతుండగా ఫోను వచ్చింది. ఇలాంటి వార్త విన్నప్పుడు మనసు మొద్దుబారుతుందని, గతమంతా కళ్ల ముందు కదలాడుతుందని రాయడం మా తెలుగు పండితులకు అలవాటు. నాకు కదలాడింది ఒక్కటే: బల్ల మీద విప్పి పెట్టిన గిటారు, పికప్‌లు లేక దాని మీద నోళ్లు తెరుచుకున్న రెండు గుంతలు. ఈ మనిషి చివరికి తేల్చకుండానే పోయాడే అని ముందు కోపం వచ్చింది. ఏడుపు ఆ తర్వాత, నందికొట్కూరు బస్టాండు దాటి ఆయన వీధి మలుపు తిరిగాక వచ్చింది.

తెలియనివారి కోసం చెప్పాలి. సారు గిటారు సగం డొల్ల, సగం గట్టి. నడుమ చెక్క దిమ్మె, దానికి అటూ ఇటూ ఖాళీ, పైన వయొలిన్‌కు ఉన్నట్టు రెండు వంపు రంధ్రాలు. తీగల కింద అమర్చే అయస్కాంతమూ, దాని చుట్టూ చుట్టిన సన్నని రాగి తీగా కలిస్తే పికప్. తీగల కంపనాన్ని పట్టి స్పీకరుకు అందించేది అదే. గిటారు లోపల డొల్ల కాబట్టి, శబ్దం కాస్త పెంచితే చాలు, ఆ పాత పికప్‌లు కూత పెట్టేవి. ప్రార్థన మధ్యలో ఆ కూతకు పిల్లలు నవ్వేవారు, పెద్దలు మూసిన కళ్లు తెరవకుండానే మొహం చిట్లించేవారు. బృందంలో రెండో గిటారు నాది. సారే నేర్పారు. పికప్‌లు మార్చండి సార్ అని మొదట అన్నదీ నేనే. ఆ మాట అనకపోయి ఉంటే నా శనివారాలు నాకు మిగిలేవి.

మార్చే ముందు బాగుచేసి చూద్దామన్నారు. పికప్‌ను మైనంలో ముంచితే లోపలి తీగ కదలక కూత ఆగుతుందని ఎక్కడో చదివారట. చదివినవారు అది ఎలాంటి మైనమో కూడా చదవాలి కదా. ఈయన క్రిస్మస్ ఆరాధనలో మిగిలిన కొవ్వొత్తి ముక్కలన్నీ ఏరి, ఎరుపూ పచ్చా తెలుపూ కలిపేసి, భార్య సుగుణమ్మ గారి పాలగిన్నెలో కరిగించి పికప్‌లను ముంచారు. కూత నిజంగానే ఆగింది. గుడ్‌ఫ్రైడే దాకా ఆయన్ను పట్టడం మా తరం కాలేదు. మే నెలలో కడప సువార్త కూటాలకు బయలుదేరుతూ గిటారు పెట్టెను బస్సు పైన వేయించారు. పుట్టి పెరిగింది ఈ ఎండలోనే, అయినా ఆయనకు తట్టలేదు. కడపలో పెట్టె తెరిస్తే రంగురంగుల మైనం గిటారు మొహమంతా కారి ఉంది. ఆ సాయంత్రం గిటారు మునుపటికన్నా ఉత్సాహంగా కూసింది. పాలగిన్నె కారణంగా సుగుణమ్మ గారు చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదని విన్నాను.

అక్కడి నుంచి కొత్త పికప్‌లు తెప్పించే వ్రతం మొదలైంది. చెప్పుల అంగట్లో మొదట చూపిన జతే కాళ్లకు తొడుక్కుని వచ్చే మనిషి, నల్లబల్ల మీద ఎంత పెద్ద లెక్కనైనా ఒక్క అంకె చెరపకుండా చేసే మనిషి, పికప్‌ల దగ్గరికి వచ్చేసరికి నిశ్చయమనేది ఎరగని వాడయ్యాడు. వచ్చిన ప్రతి జతా కర్నూలులో రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే మస్తాన్ దగ్గరికి పోయేది. ఇలాంటి గిటారుకు వెనక మూత ఉండదు. వైర్లకు దారాలు కట్టి, ఆ వంపు రంధ్రంలోంచి లోపలికి దించి, మళ్లీ ఆ దారాలు పట్టి ఒక్కొక్కటే లాగాలి. మస్తాన్ ఓపిక గల మనిషే. అయినా ఒకసారి నన్ను పక్కకు పిలిచి, మీ సారుకు అసలేం కావాలో మీకైనా ఎరుకేనా అని అడిగాడు. నాకు ఎరుక లేదు.

శనివారం సాయంత్రం వాళ్ల హాల్లో పరీక్ష. వాయించేది ఎప్పుడూ ఒకే కీర్తన, విలంబ కాలంలో. తీర్పరిగా నన్ను కుర్చీలో కూర్చోబెట్టేవారు, నా తీర్పు మాత్రం ఏనాడూ వినలేదు. జంట చుట్టల పికప్‌ల జత ఒకటి వచ్చింది. దాని నాదం ఎంత గంభీరమంటే కిటికీ అద్దాలు సన్నగా అదిరాయి. కూత లేదు, గుయ్యిమనే రొద లేదు. ఇదే ఖాయం చేయండి సార్ అని బతిమాలాను. ఆయన తల ఓ పక్కకు వాల్చి కాసేపు ఉండి, "ఇది కాదప్పా" అన్నారు. ఏం తక్కువైంది అంటే చెప్పరు. గట్టిగా అడిగితే ఒకటే మాట: "సూడప్పా, పికప్పు పాడగూడదు. వినల్ల." ఆ వాక్యంలో కర్తా క్రియా సరిగానే ఉన్నాయి. అర్థమే ఎంత వెతికినా దొరకలేదు. పైగా పరీక్ష సాగుతుండగా వంటింట్లోంచి సుగుణమ్మ గారు అదే కీర్తన సన్నగా అందుకునేవారు. ఇదొక అడ్డమా అని విసుగొచ్చి, అమ్మను కాసేపు ఆగమందామా అన్నాను. పాడనీలే అన్నారు సారు.

శుక్రవారం భూస్థాపన అయ్యాక సుగుణమ్మ గారు నన్ను ఆ బల్ల దగ్గరికి పిలిచారు. గిటారు పక్కన రెండు జతలున్నాయి. ఒకటి నాకు నచ్చిన, ఇంకా వెనక్కి పంపని ఆ గంభీరమైనది, ఇంకొకటి బలం తక్కువ మెత్తని రకం, కొత్తగా వచ్చింది. ఆదివారం ఆయన జ్ఞాపకార్థం జరిగే ఆదరణ కూడికలో ఈ గిటారు మోగాలని, ఏది బిగించాలో నన్నే చూడమని చెప్పారు. చెప్పి, బల్ల వైపు చూసి, "ఈ ఇనప ముక్కల మింద పెట్టిన ధ్యాస నా మింద ఒక్కనాడు పెట్టల్యా ఆయప్ప" అన్నారు. సమాధి మట్టి ఆరకముందే అన్న మాట అది. అందులో కోపం లేదు, నిజమేనని నమ్మిన అలసట ఉంది. ఆ మనిషి బతికుండగా తేల్చనిది నా నెత్తిన పెట్టిపోయినందుకు నాకు మళ్లీ ఒళ్లు మండింది.

శనివారం మస్తాన్ తన సామాను తీసుకుని ఇంటికే వచ్చాడు. ముందు గంభీరమైన జత బిగించాడు. నేను సారు కుర్చీలో కూర్చుని ఆ కీర్తనే మొదలుపెట్టాను. వంటింటి గడపలో కూర్చున్న సుగుణమ్మ గారి పెదవులు కదలడం కనిపించింది గానీ మాట వినిపించలేదు. శబ్దం తగ్గించి చూశాను. గిటారు గొణిగింది తప్ప పాట నిలవలేదు. సరే, రెండోది కూడా చూద్దామన్నాను. మస్తాన్ నిట్టూర్చి మళ్లీ దారాలు కట్టాడు. మెత్తని జతతో అదే కీర్తన ఎత్తుకున్నాను. ఈసారి గడప దగ్గర నుంచి ఆమె గొంతు, సన్నగా, కాస్త వణుకుతూ, ఒక్కో మాటా నా కుర్చీ దాకా వచ్చింది. గిటారు దాని కింద ఉంది, దాన్ని ఎక్కడా తొక్కలేదు. సారు తల వాల్చేది ఏ వైపుకో అప్పుడు గుర్తొచ్చింది. వంటింటి వైపుకు. గిటారు పక్కన పెట్టాను.

ఆమెకు చెప్పాను. ఇన్ని జతలు ఎందుకు వెనక్కి పోయాయో, ఎవరి గొంతు మునిగిపోతే ఆయన కాదన్నారో అంతా చెప్పాను.  సుగుణమ్మ గారు కొంగుతో మొహం తుడుచుకుని, "బాగ పాడతావని ఒక్కనాడన్నా అన్ల్యా కదప్పా. నాతో చెప్పేకి ఏమి రోగం ఆయనకి?" అన్నారు.  మస్తాన్ తల వంచుకుని తన సామాను సర్దుకున్నాడు.

ఇటువంటి సహృదయుడు, నాదోపాసకుడు మళ్లీ మా సంఘంలో పుడతాడన్న ఆశ నాకు లేదు. ఆయన లోటు తీరేది కాదు. మనస్ఫూర్తిగా నమస్కరిస్తున్నాను. అయినా కోపం తగ్గలేదు సార్. కర్నూలుకు పోయిన అన్ని ప్రయాణాలూ, మస్తాన్ లాగిన అన్ని దారాలూ క్షమిస్తాను. ఇంట్లో మనిషికి చెప్పాల్సిన మాటను పికప్‌తో చెప్పించాలని చూశారే, దానికి మాత్రం నా దగ్గర క్షమ లేదు.

ఆదివారం కూడికలో ఆ మెత్తని జతతోనే కీర్తన వాయించాను. స్త్రీల వరసలో ముందు కూర్చున్న సుగుణమ్మ గారు పాడారు. వెనక నుంచి సంఘపెద్ద ఒకరు గిటారు వినపడటం లేదని, పెంచమని చేయి ఊపారు. చూడనట్టు తల తిప్పుకుని చివరి చరణం దాకా అలాగే వాయించాను. పాట అయ్యాక అలవాటు కొద్దీ పక్కనున్న సారు కుర్చీ వైపు తిరిగాను. ఇది కాదప్పా అనడానికి అందులో ఎవరూ లేరు.