సంగటి ముద్దలో మాత్ర

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధం నా దగ్గరే ఉంది. పెద్దదేమీ కాదు, మూడు మాటలు. జబ్బులో ఉన్నప్పుడు చెప్పినదైతే జబ్బు మీదికి తోసేసి హాయిగా ఉండేవాణ్ణి. అప్పటికి జబ్బు తగ్గింది. బుద్ధి కుదురుగా ఉండగా, పట్టపగలు, మంచం మీద కూర్చుని చెప్పాను. ఇది ఎవరికీ తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. దీన్ని ధైర్యం అనకండి.

మాది ముదిగుబ్బ పక్కన ఒక పల్లె. బీకాం చదివి, శనక్కాయల వ్యాపారి గోడౌన్‌లో గుమాస్తాగా చేరాను. పెళ్లయిన రెండో ఏడు, ఇంకా రెండు వేల సంవత్సరం రాకముందే, నాకు నిద్ర పట్టడం మానేసింది. తర్వాత రేడియోలో వార్తలు చదివే ఆమె నా గురించే చదువుతోందని అనుమానం వచ్చింది. ఆమెకు అంత తీరిక ఉండదని ఇప్పుడు తెలుసు. అనంతపురం తీసుకుపోయి డాక్టరుకు చూపించారు. రోజుకొక మాత్ర, సాయంత్రం అన్నంతో పాటు వేసుకోమన్నాడు. మూడు నెలలకు రేడియో నన్ను వదిలి దేశం సంగతులు చెప్పడం మొదలుపెట్టింది.

మాత్ర నా భార్య నాగమణి ఇచ్చేది. చేదుగా ఉందని నేను మొహం చిట్లిస్తే, సంగటి ముద్ద తుంచి, బొటనవేలితో గుంట చేసి, అందులో మాత్ర పెట్టి, పులుసులో ముంచి నా చేతికిచ్చేది. సంగటి నమిలేది కాదు, మింగేది. కాబట్టి చేదు తెలిసేది కాదు. ఇంత తెలివైన ఉపాయం ఆ డాక్టరుకు కూడా తట్టలేదు.

మాత్ర మంచిదే. వచ్చేటప్పుడు ఆకలిని వెంటబెట్టుకు వచ్చింది. రెండు ముద్దలు తినేవాణ్ణి నాలుగు తినసాగాను. గోడౌన్‌లో మూటలు తూచే కాటా ఉంది. మా మూట నలభై కిలోలు. జబ్బుకు ముందు నేను ఒకటిన్నర మూట. ఏడాది తిరిగేసరికి రెండు మూటలు దాటి, పైన ఒక గంపెడు. హమాలీ ఓబులేసు కాటా ముల్లు చూసి, శనక్కాయలకైతే తేమకు, మట్టికి తరుగు తీస్తామనీ, నాకెంత తీయాలో సేటును అడిగి రమ్మనీ అనేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. అలాంటి జోకులు నేనే అందరి మీదా వేసేవాణ్ణి. ఒకటి రెండు తిరిగి రావడం న్యాయమే.

ఆ ఏడు వానల్లేవు. చేలల్లో శనక్కాయ చెట్లు జానెడు లేచి ఎండిపోయాయి. కరువు చూడటానికి ఢిల్లీ నుంచి పెద్దసార్లు వస్తున్నారని కబురు వచ్చింది. ఊరంతా రోడ్డు పక్క చేలోకి పోయి నిలబడింది. నేనూ చదువుకున్నవాణ్ణి కదా, నాలుగు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడదామని బయల్దేరాను. ఊరి పెద్ద, వరసకు నాకు చిన్నాయన, నా భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకుపోయాడు.

"ఏమనుకోవద్దప్పా, నువ్వీ పొద్దు ఇంట్లోనే ఉండు. నిన్ను చూసినంక ఈడ కరువుండాదంటే వాళ్లు యాడ నమ్ముతారు?"

ఆయన మాటలో తప్పు లేదు. ఊరికి వచ్చే సాయం నా పొట్ట వల్ల పోకూడదు. ఇంటికి వచ్చి తలుపు వేసుకుని కూర్చున్నాను. జీపులు వచ్చిన చప్పుడు, పోయిన చప్పుడు విన్నాను. ఒక జిల్లా కరువును ఒక్కణ్ణే చెడగొట్టగలవాణ్ణని తెలిసిన రోజు అది. బాధపడ్డానా? పడలేదనే అనుకున్నాను. ఆ సాయంత్రమే మాత్ర మింగడం మానేశాను.

నాగమణికి చెప్పలేదు. ముద్ద తీసుకునేవాణ్ణి. నోట్లో మాత్రను నాలుకతో వెతికి బుగ్గకు తోసి, మిగతాది మింగేవాణ్ణి. వెతకాలంటే నమలాలి. సంగటి నమిలే మనిషిని ఆమె ఎన్నడూ చూడలేదు. పన్ను నొప్పేమోనని అడిగింది. అవునన్నాను. ఆ రోజు నుంచి సంగటి మెత్తగా కెలికేది. తిన్నాక పెరట్లోకి పోయి, కనకాంబరం చెట్ల మొదట్లో నోరు పుక్కిలించి ఊసేవాణ్ణి. ఆ ఏడు మా కనకాంబరాలు చాలా ప్రశాంతంగా పూశాయి.

బరువు కొంచెం తగ్గింది. రెండు నెలలకు నిద్ర కూడా తగ్గింది. మూడో నెలలో ఒక పొద్దున చేనికి పోయి, మా నాయన మళ్లీ కష్టపడి వేసిన పైరును వరసగా పీకడం మొదలుపెట్టాను. చెట్లు దాహమంటున్నాయి, బావి దగ్గరికి తీసుకుపోతున్నానని చెప్పానట. చాలావరకు పీకేశాకే నన్ను పట్టుకోగలిగారు. మా నాయన పీకినవన్నీ ఏరి మేకలకు వేశాడు.

మళ్లీ అనంతపురం. నెల రోజులు ఆస్పత్రిలో ఉంచారు. మాత్ర సరిగా పడి ఉండదని డాక్టరు మా అమ్మతో అన్నాడు. ఇంటికి వచ్చిన మర్నాడు అమ్మ ఆ మాట పట్టుకుంది. నేను మంచం మీద ఉన్నాను. నాయన గడపలో ఉన్నాడు. నాగమణి చేట పట్టుకుని నిలబడింది.

"మాత్ర ఇచ్చినావా ల్యాదా, నిజం చెప్పు," అంది అమ్మ.

"ఇచ్చినానత్తా. రోజూ నా చేత్తోనే ఇచ్చినా."

"ఇచ్చింటే వానికి ఇట్లెందుకైతాది? యాదో ఒక పూట మర్సిపోయింటావు. ఒగ పూట గాదు, శానా పూట్లు."

నాగమణి నా వైపు తిరిగింది. "నువ్వే చెప్పు. ఇచ్చినానా ల్యాదా?"

నేను ఆమెను చూశాను. తల ఎంత తేటగా ఉందంటే, చేటలో బియ్యం గింజలు లెక్కపెట్టగలను.

"నాకు గుర్తు లేదు," అన్నాను.

అంతే. ఎవరూ అరవలేదు. అమ్మ చెడ్డది కాదు, భయపడిన మనిషి. కొన్నాళ్లు పుట్టింట్లో ఉండి రమ్మంది. నాగమణి పుట్టింటికి వెళ్లిపోయింది. కొన్నాళ్లంటే ఎనిమిది నెలలు.

ఎందుకన్నాను? కనకాంబరం చెట్ల సంగతి బయటపడితే నన్ను ఇక మనిషిగా లెక్కచేయరని భయం. జబ్బు మనిషినంటే జాలిపడతారు. పొట్ట కోసం జబ్బు తెచ్చుకున్నవాణ్ణంటే ఏమంటారు? నవ్వుతారు. నలుగుర్ని నవ్వించి బతికినవాణ్ణి, ఆ ఒక్క నవ్వుకు భయపడి, ఏ తప్పూ లేని మనిషిని బస్సెక్కించాను. ఇంతకన్నా మంచి కారణం ఉంటుందేమోనని ఎనిమిదేళ్లు వెతికాను. లేదు.

తర్వాతిసారి చూపించుకోవడానికి పోయినప్పుడు బరువు సంగతి డాక్టరుతో అన్నాను. ఆయన తల ఎత్తి, ముందే చెప్పాల్సింది కదా అని, వేరే మాత్ర రాసి, ఒక ముద్ద తగ్గించి రోజూ నడవమన్నాడు. రెండు నిమిషాల పని. ఇంటికి వచ్చే దారంతా ఆ రెండు నిమిషాల గురించే ఆలోచించాను.

నాగమణిని నేనే పోయి పిలుచుకొచ్చాను. అందుకు ఊరు నన్ను మెచ్చుకుంది. తప్పు చేసిన భార్యను మళ్లీ ఏలుకున్నానని. ఆ మెప్పు కూడా పుచ్చుకున్నాను. బస్సులో ఆమె కిటికీ వైపు చూస్తూ, ఆలోచిస్తే తనే ఎన్నడన్నా మరచిపోయిందేమో, గట్టిగా చెప్పలేనని అంది. నేను టికెట్టును మడిచి మళ్లీ మడిచాను.

అప్పటినుంచి మా వంటింట్లో ఒక క్యాలెండరు. నేను మాత్ర మింగగానే ఆ తేదీ మీద పెన్సిలుతో గీత గీస్తుంది. పాత క్యాలెండర్లు పారేయదు. ఎవరన్నా అడిగితే చూపించడానికట. ఎవరు అడుగుతారు? మా అమ్మ కూడా ఆ సంగతి మరచిపోయింది.

ఇప్పుడు మేం బాగున్నాం. అబద్ధం కాదు. పొద్దున్నే ఇద్దరం రైలు గేటు దాకా నడిచి వస్తాం. ఆమె నాకన్నా వేగంగా నడుస్తుంది, వెనక్కి తిరిగి, బండి కదలదేమప్పా అంటుంది. ఒకటిముప్పావు మూట దగ్గర నిలిచాను. నిద్ర పడుతుంది.

ఆమెకు ఎందుకు చెప్పలేదంటారు. కోపానికి భయపడి కాదు. చెబితే ఆమె ముందు కోప్పడదు. "అంటే నేను మర్సిపోల్యా," అని సంతోషపడుతుంది. ఆ సంతోషం ఎంత పెద్దదో చూసే ధైర్యం నాకింకా రాలేదు. ఒకరోజు వస్తుందేమో. మాట ఇవ్వను, నా మాట సంగతి మీకు ఇప్పుడు తెలుసు.

కాగితం మీద మాత్రం రాయగలను. రాస్తుంటే కొంచెం తేలిగ్గానే ఉంది. ఆ మూడు నెలల్లో నాగమణి ప్రతి సాయంత్రం నాకు మాత్ర ఇచ్చింది. ఒక్క పూట మరచిపోలేదు. నేనే ఉమ్మేశాను.