లోపలి గడియ

మొన్న అటక సర్దుతుంటే మా పాత ఇంటి బీగం దొరికింది. ఆముదమూ తుప్పూ కలిసిన ఆ వాసన సబ్బుతో కడిగినా చేతిని వదల్లేదు, పోనీలే అని నేనూ వదిలేసినాను.

బత్తలపల్లి దగ్గర మా పల్లెలో, మట్టిమిద్దె ఇంటికి తలుపు మూసే విద్యలు ఎన్నో ఉండేవి. చేనికి పోయేటప్పుడు కుక్కలు దూరకుండా గొళ్ళెం, ఊరికి పోతే పిడికిలంత బీగం, నేను అలిగి దాక్కునే వంటింటికి చిన్న చెక్క చిలుకు, పడుకునే ముందు గోడ బొక్కలోంచి బర్రుమని లాగి అవతలి గోడలోకి దూర్చే అడ్డగడియ. ఈ గడియ లోపల్నుంచి వేయాల్సిందే, బయట్నుంచి వేయడం దేవుడి తరం కూడా కాదు. దాని మీద పెత్తనమంతా మా జేజిది, అంటే నాయన తల్లిది. ఉడకేసిన చెనిక్కాయలు ఒళ్ళో పోసుకుని, మేకలు దొడ్లో చేరినాయా, మనుషులు ఇంట్లో చేరినారా అని చూసుకుని, అప్పుడు లాగేది. ఎవరన్నా ఆలస్యమైతే "యాడ తిరిగొస్తాండావప్పా?" అని లోపల్నుంచే అడిగి, జవాబు నచ్చితేనే తీసేది. నలభై దాటిన మా నాయనకూ ఈ విచారణ తప్పేది కాదు.

ఒక వైశాఖంలో ఆమె పోయింది. నక్షత్రం మంచిది కాదు, మూడు నెలలు ఇల్లు పాడు పెట్టాలన్నాడు అయ్యవారు. చెంబూ చాపా పట్టుకుని పశువుల కొట్టంలోకి మారినాం. ఇంటికి బీగమేసి, తుమ్మకంప అడ్డం పెట్టినారు. విత్తనాల చెనిక్కాయ మూటలు లోపలే ఉండిపోయినాయి. మా సీమలో వాన తొందరపడి వస్తుందని ఎవరు కలగంటారు?

ఆ ఏడే వచ్చింది దిక్కుమాలిన వాన, సగం గడువు తీరకముందే. ఏళ్ళతరబడి ఎండిన చేను తడిసి పదునెక్కింది. అది ఆరిపోయేలోగా విత్తనం పడకపోతే ఏడాదంతా గంజే, అదీ దొరికితే. ఊళ్ళో ఎవరింట్లోనూ అదనంగా గింజ లేదు.

"గడువు తీరకుండా తెరిస్తే పిల్లోళ్ళకేమన్నా అయితే?" అని అమ్మ అడ్డం పడింది.

"ఆకలైతే ఏం కాదా?" అన్నాడు నాయన.

మిట్టమధ్యాహ్నం కంప లాగేసి, బీగం తీసినాడు. నేను ఆయన వెనకే ఉన్నాను. తలుపు రాలేదు. భుజం పెట్టి తోస్తే అడ్డగడియ టక్కుమని తగిలిన చప్పుడు నాకూ వినబడింది. వానకు కొయ్య ఉబ్బింటుందని చెప్పేవాళ్ళకు ఒక దండం. ఆ ఇంటికి ఇంకో వాకిలి లేదు, పైన గవాక్షిలో పిల్లి కూడా పట్టదు.

నాయన నుదురు తలుపుకు ఆనించి మెల్లగా అన్నాడు: "మ్మా, నేనే. పదును ఆరిపోతాండాది. విత్తనం ఎత్తుకపోతా."

కాసేపటికి లోపల బర్రుమంది. తలుపు తెరుచుకుంది. నేలమీది దుమ్ములో మేం పెట్టే అడుగులు తప్ప ఇంకే గుర్తూ లేదు. మూటలు బయటికి చేర్చి తలుపు మూసినాం. నాయన బీగం అందుకునేలోగా లోపల మళ్ళీ గడియ పడింది. నేను మూటల చాటుకు దూరినాను, ఆయన ముఖంలో మాత్రం చిన్నపిల్లోని సంతోషం. ఇంక బీగమెందుకని జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాత రోజూ చేనికి పోతా పోతా ఆ తలుపు ఒకసారి తోసి చూసేవాడు. రాకపోతే నిమ్మళంగా పోయేవాడు.

చేను పసుప్పచ్చగా పూతకొచ్చింది. గడువూ తీరింది. అయ్యవారు శుద్ధి చేయడానికి నీళ్ళూ మామిడాకులూ పట్టుకొచ్చినాడు. నాయన చెయ్యి ఆనించినాడో లేదో, తలుపు తెరుచుకుంది. గడియ గోడ బొక్కలోనే పడుండింది. "మ్మా" అని పిలిచినాడు. మళ్ళీ పిలిచినాడు. కాటి దగ్గర కూడా ఏడవని మనిషి, గడప మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చినాడు.

ఆ మిద్దె లేదు. అడ్డగడియ చెక్కే వడ్రంగీ లేడు, ఇల్లు పాడు పెట్టేవాళ్ళూ లేరు, నాయనా లేడు. అనంతపురంలో నేనొక్కదాన్నే ఉండే ఇంటి తలుపుకు వేలిముద్ర తాళం, వేలు ఆనిస్తే చాలు తెరుచుకుంటుంది. సాయంత్రం ఇంటికొచ్చి తోసినప్పుడు, ఒక్కరోజన్నా అది రాకుండా ఉంటే బాగుండునని నాకు ఆశ.