గుబ్బలు పీకిన బూట్లు

నాకు అక్షరాలు ముసలితనంలో వచ్చాయి. అందుకే ఇది ఇన్నాళ్లకు రాస్తున్నాను.

నానక్‌రామ్‌గూడలో ఇప్పుడు అద్దాల మేడలున్న చోట మేము రాళ్లు కొట్టేవాళ్లం. మా అన్న బంతి ఆట నేర్చుకున్నది అక్కడి బండ మీదే, ఉత్త కాళ్లతో. పట్నం జట్టువాళ్లు చూసి తీసుకుపోయారు. చెల్లెలినని పొగడటం లేదు. ఆట రానివాణ్ణి వెతుక్కుంటూ పట్నం వాళ్లు మా రాళ్లలోకి రారు.

డెబ్బైల మొదట్లో సింగపూర్‌లో ఆసియా జట్లకు కొత్తగా ఒక ఫుట్‌బాల్ పోటీ పెట్టారు. అదే మొదటిసారి. మన దేశం జట్టుకు ఆటగాళ్లను ఎంచుతామని అన్నకు పిలుపొచ్చింది. ఎంపికైతే సర్కారు నౌకరీ ఖాయమన్నారు. రాళ్ల పని నుంచి బయటపడటానికి మా ఇంటికి ఇంకో దారి లేదు.

ఉత్త కాళ్లతో రావద్దని చెప్పి, పట్నం జట్టు కోచ్ తన పాత బూట్లు ఇచ్చాడు. అడుగున మేకులతో బిగించిన తోలు గుబ్బలు. వాటితో మా బండ మీద ఉరికితే అన్న సర్రున జారి పడ్డాడు.

"ఏందిర, తాగినోని లెక్క పడ్తున్నవ్?" అని నాయన నవ్వాడు.

"గీ గుబ్బలే నాయనా. బండ మీద నిలుస్తలెవ్వు."

"జర ఆగు, పీకి పారేస్త."

నాయన పట్కారుతో అన్నీ పీకాడు. అన్న మళ్లీ జారలేదు. మాకు సంతోషమే. పట్నంలో కూడా అన్న ఆడింది మట్టి మీదే. గుబ్బలు దేనికో మాకెవరికీ తెలియదు.

ఎంపిక నాడు మైదానమంతా గడ్డి, పైగా నీళ్లు చల్లారు. నాయన, నేను తాడు అవతల నిలబడ్డాం. అన్న బంతితో పక్కకు తిరిగాడు. కాలు జారింది. మోకాలు మెలిపడింది. అన్న అరిచిన అరుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

దవాఖానలో ఆ మోకాలు ఇక వంగదన్నారు.

ఇంటికొచ్చాక నాయన గుబ్బలు ఏరుకొచ్చి బూట్లకు మళ్లీ కొట్టసాగాడు.

"ఇగ అవెందుకు నాయనా?" అన్నాడు అన్న.

"వాపస్ ఇయ్యాలె గద బిడ్డా. ఎట్లున్నయో అట్లనే ఇయ్యాలె."

సుత్తి పడ్డప్పుడల్లా అన్న కళ్లు మూసుకున్నాడు.

సింగపూర్‌లో కప్పును మనవాళ్లు ఇంకో జట్టుతో పంచుకున్నారని రేడియోలో చెప్పారట. "మనోళ్లు గెలిచిండ్రు!" అంటూ పక్కింటాయన వస్తే, అమ్మ గడపలోనే ఆపి, "జర నోర్ముయ్యవయ్యా" అంది.

అన్న తిరిగి రాళ్ల పనికే వచ్చాడు. కంకర కొట్టాలంటే గొంతుక్కూర్చోవాలి. ఆయన మోకాలు వంగదు. నిలబడి వంగి కొట్టేవాడు. మధ్యాహ్నానికే నడుము పట్టేసేది.