చీపురుపుల్లకు చుట్టిన నారి

మోకాలి నొప్పికి ఎక్స్‌రే తీయించుకుంటే, పిక్కలో సన్నటి తెల్లదారం మెలికలు తిరిగి కనిపించింది. కుర్ర డాక్టరు ఫిల్మును వెలుతురుకు అటూ ఇటూ తిప్పి, "ఇదేందమ్మా?" అన్నాడు. "నారి" అన్నాను. అతను ఆ పేరే వినలేదు. అరవై ఏళ్ల కిందట నా కాల్లో తెగి, చచ్చి, సున్నంలా గట్టిపడిన పురుగు తునక అది.

ధర్మవరంలో మాది పట్టుమగ్గాల వీధి. వానలు మొహం చాటేసిన ఆ ఏడు చేదబావులు ఎండి, వీధంతా దిగుడుబావి మీద పడింది. ఆడవాళ్లు మోకాళ్లలోతు నీళ్లలో బిందెలు ముంచుకుంటుంటే, పిల్లలం గంతులేసి, ఆ నీళ్లే దోసిళ్లతో తాగి, వేయించిన శెనక్కాయలు నములుతూ మెట్లమీద ఒళ్లు ఆరబెట్టుకునేవాళ్లం. నారి ఆ నీళ్లలోనే ఉందని మాకేం తెలుసు. మరుసటి ఎండాకాలం నా చీలమండ పక్కన నిప్పు పెట్టినట్టు పొక్కు లేచి, పగిలి, అందులోంచి తెల్లటి పోగు తల బయటపెట్టింది. భయం కన్నా ముందు ఆశ్చర్యమే కలిగింది నాకు. నా ఒంట్లో, నాకే తెలియకుండా, ఏడాదిపాటు మరో ప్రాణి కాపురం చేసింది.

దాన్ని లాగితే తెగుతుంది. తెగితే కాలు పోయినట్టే. ఎదురింటి రంగక్క కాలు అట్లాగే వంగిపోయింది. అందుకని రోజూ పొద్దున్నే నాయన దాని కొసను చీపురుపుల్లకు చుట్టి, గోరెడు మేర మాత్రం తిప్పి, తడిగుడ్డ కట్టేవాడు. వెంట్రుకంత పట్టుపోగును అదుపులో పెట్టిన వేళ్లవి; ఆయన చేతిలో పోగు తెగిందన్న మాట వీధిలో ఎవరూ ఎరుగరు. అవి ఎంత మెల్లగా తిరిగినా, కాల్లో నరాలన్నీ తోడేస్తున్నట్టుండేది. దుప్పటి కొరుక్కునేదాన్ని. "కదలాకు పాపా, ఇంగ రవ్వంతే" అనేవాడు. అంత నొప్పిలోనూ ఆ వేళ్లనే చూస్తూ ఉండిపోయేదాన్ని.

పన్నెండో రోజో, పదమూడో రోజో, జానెడు బయటికొచ్చాక, ఓర్చుకోలేక కాలు ఒక్కసారిగా లాక్కున్నాను. తెగింది. మిగిలింది లోపలికి పోయింది. అమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చి, "ఏమాయ? పాప కదిలిందా?" అంది.

"లేదు. నా చెయ్యే జారె" అన్నాడు నాయన.

కాలు బానలా వాచింది. నెలరోజులు జ్వరం. ఆముదపాకులు కట్టికట్టి అమ్మ కాలైతే నిలబెట్టింది గాని, ఈనాటికీ ఎవరైనా చీలమండ ముట్టుకుంటే ఒళ్లు కొయ్యబారిపోతుంది. మనవలు కాళ్లకు మొక్కబోతే చటుక్కున వెనక్కి జరుగుతాను. నా వినయం అనుకుంటారు.

ఇప్పుడు దిగుడుబావిని పూడ్చి గదులు కట్టారు. నారి దేశంలోనే లేదట, ఎంత చల్లని మాట. నాయన మగ్గం గుంతను సిమెంటుతో మూసేశాం. "ఎంత పనోడైతేనేమి, బిడ్డ కాల్లో పోగు తెంపినాడప్పా" అని ఆయన పోయేదాకా వీధి చెప్పుకుంది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. నేనూ పక్కనే ఉండి ఊరుకున్నాను.