మా కంప్యూటరుకు దినం తప్పి దినం జ్వరం

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు ఒక జబ్బు పట్టుకుంటుంది. ఫ్యాక్టరీలో పగలంతా నేర్చుకున్నదాన్ని సాయంత్రం ఇంటికి మోసుకొచ్చి ఇంట్లోవాళ్ల మీద ప్రయోగిస్తారు. ఆ రోజుల్లో నాకు ఆ జబ్బు బాగా ముదిరి ఉండేది. జిన్నారం దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో, పరీక్షలు చేసే ల్యాబులో ట్రైనీగా చేరి అప్పటికి నాలుగు నెలలు. పటాన్‌చెరులో మా అద్దె ఇంటి వంటగదిలో కందిపప్పు డబ్బా మీద 'తెరిచిన తేదీ, వాడవలసిన ఆఖరి తేదీ, సంతకం' అని చీటీ అంటించిన మహాతల్లిని నేనే. (అమ్మ మర్నాడే ఆ డబ్బాలో చింతపండు పోసింది.)

తప్పంతా నాదే అనలేను. మా ల్యాబులో ఒక పెద్దసారు ఉండేవారు. చేతిలో ఎప్పుడూ ఎర్రపెన్ను ఉండేది కాబట్టి మేం ఆయన్ని ఎర్రపెన్ను సారు అనుకునేవాళ్లం. మందుల ఫ్యాక్టరీలో రికార్డు పుస్తకమంటే దేవుడి పటంతో సమానం. తప్పు రాస్తే దిద్దకూడదు, చెరపకూడదు, తెల్లరంగు పూయకూడదు. కింది అక్షరాలు కనబడేలా ఒక్క అడ్డగీత గీసి, పక్కన కారణం, సంతకం, తేదీ వేయాలి. చేరిన మొదటి వారంలోనే నేనొక అంకె తప్పు రాసి, ఎవరికీ కనబడకూడదని బరబరా గీకేశాను. సారు ఆ కాగితాన్ని పైకెత్తి అందరి ముందూ అడిగారు. "గిదేందమ్మా, కోడి గీకినట్టు? కొట్టేసింది గూడ కనబడాలె. దాచిపెడ్తే దొంగతనమే అయితది." ఆ రోజు కంపెనీ బస్సులో ఇంటిదాకా ఏడ్చాను. తర్వాత నెలకల్లా సారును మించిపోయాను.

సరిగ్గా అప్పుడే మా ఇంటికి కంప్యూటరు వచ్చింది. కంపెనీ పాత కంప్యూటర్లను తీసేస్తుంటే ఒకటి అడిగి తెచ్చుకున్నాను. దాని వయసు చూసి రిపేరు షాపతను "గిండ్ల లైనక్సే నడుస్తది మేడం, వేరేదేసినా లేవదు" అని తేల్చేశాడు. లైనక్సంటే ఎవరైనా ఊరికే తెచ్చుకుని వాడుకోగల సిస్టం. పాత మిషన్లను కూడా ఆదరిస్తుంది. కాకపోతే ఏదైనా చెడితే మన తంటాలు మనమే పడాలి. ఆ మాట వినగానే నాకు భయం వేయాల్సింది. సంతోషం వేసింది.

ఎందుకంటే నేను చదవాలనుకున్నది కంప్యూటర్లే. ఇంటర్ అయ్యాక డిగ్రీ సీటు కోసం నెట్ సెంటర్‌కు వెళ్లాను. అక్కడి రద్దీలో అతను ఒక కోడు బదులు ఇంకో కోడు కొట్టాడు, నేను చూసుకోలేదు, సంగారెడ్డిలో కెమిస్ట్రీ సీటు వచ్చింది. మూడేళ్లు పరీక్షనాళికలు కడుగుతూ ఆ నెట్ సెంటర్ బోర్డును తలుచుకోని రోజు లేదు. ఇప్పుడు మా చెల్లి వంతు వచ్చింది. ఇంజినీరింగు సీటుకు కాలేజీల పేర్లు తనకు నచ్చిన వరుసలో పెట్టుకోవాలి. ఫోనులో ఆ పేజీ సగమే కనబడేది. "ఇది మాత్రం మనింట్లోనే, మన చేతులతోనే" అని ఒట్టు పెట్టుకున్నాను. ఆదివారం సాయంత్రం ఏడింటితో గడువు ముగుస్తుంది. అప్పటికి ఇంకా రెండు వారాలుంది.

కంప్యూటరుకు మా ఒట్లతో పనిలేదు. సాయంత్రం ఆరు ప్రాంతంలో ఉన్నట్టుండి తెర నల్లబడి, మళ్లీ మొదటినుంచి లేచేది. నేను లోపలి రికార్డులన్నీ తిరగేశాను. లైనక్సు తను చేసే ప్రతి పనినీ రాసిపెట్టుకుంటుంది. (ఆ గుణానికే దాన్ని ప్రేమించాను.) కానీ పోయే ముందు ఒక్క ఫిర్యాదు కూడా రాసేది కాదు. రాస్తూ రాస్తూ మధ్యలో ఆగిపోయేది. ఇంటర్నెట్‌లో పెద్దలను అడిగితే మెమరీ ముక్క తీసి శుభ్రం చేయమన్నారు. చెల్లి రబ్బరుతో దాని అంచులు రుద్ది పెట్టాను. మర్నాడు నిక్షేపంగా నడిచింది. "తీరింది" అని ప్రకటించాను. ఆ మర్నాడు పోయింది. లోపలి ఫ్యాను దుమ్ము దులిపాను, ఒకరోజు బాగుంది, ఆ మర్నాడు పోయింది. మొత్తం చెరిపేసి లైనక్సులోనే ఇంకో రకం ఎక్కించాను, ఒకరోజు బాగుంది, ఆ మర్నాడు పోయింది. అమ్మ చాట చేతిలో పట్టుకుని వచ్చి చూసి, "ఇదేందే, దినం తప్పి దినం జరమొస్తుంది దీనికి" అంది. నేను నవ్వి ఊరుకున్నాను.

బాపు ఆర్టీసీ కండక్టరు. ఆయనకు ఆలస్యమంటే పడదు. డ్యూటీ తప్పిపోకూడదని మా గోడ గడియారాన్ని ఎప్పుడూ పది నిమిషాలు ముందుకు పెట్టి ఉంచేవాడు. "ఆదివారం దాక చూస్త బిడ్డా. అప్పటికి సుత నడవకుంటె గా డబ్బాను నేనే దింపేస్త, స్టేజీ ఉన్నా లేకున్నా" అన్నాడు.

అప్పుడు నాలోని ట్రైనీ నిద్ర లేచింది. ఒక లాంగ్ నోట్‌బుక్కు తెచ్చి గళ్లు గీశాను. తేదీ, సమయం, ఏం జరిగింది, రాసినవారి సంతకం, ఆఖర్న సరిచూసినవారి సంతకం. (ఆ ఆఖరి గడికి ఇంట్లో అర్హత ఉన్నది నా ఒక్కదానికే అని ప్రత్యేకంగా చెప్పాను.) "ఇగ నుంచి ఏం జరిగినా ఇండ్ల రాయాలె" అని ఇంటిల్లిపాదికీ ఆజ్ఞాపించి, పుస్తకాన్ని కంప్యూటరు పక్కన దారంతో కట్టాను. బాపు ఒక్కరోజు రాశాడు. చెల్లి అసలు రాయలేదు. ఏడో తరగతి దాకా చదివిన అమ్మ మాత్రం ఆ పుస్తకాన్ని నిజంగా నమ్మింది. ఏం జరిగినా రాయమన్నాను కదా, అన్నీ రాసింది. 'పాలు పొంగినయి.' 'కరివేపాకు అయిపోయింది.' 'నల్లా వచ్చింది. మోటరు ఏసిన.' 'కంప్యూటర్ పోయింది. పెద్దది నెత్తి కొట్టుకున్నది.'

నేను ఎర్రపెన్ను తీశాను. పాలు, కరివేపాకు, నల్లా, నా నెత్తి, అన్నింటికీ ఒక్కొక్క అడ్డగీత. పక్కన 'సంబంధం లేదు' అని కారణం, సంతకం, తేదీ.

"నేను రాసింది తప్పానే?" అని అడిగింది అమ్మ.

"తప్పు గాదమ్మా. అవసరం లేదు."

అమ్మ ముఖం చిన్నబోయింది. అయినా రాయడం మానలేదు. నేనూ కొట్టేయడం మానలేదు.

గడువుకు ముందు శుక్రవారం చెల్లి కూర్చుని సగం కాలేజీలు వరుస పెట్టింది. సేవ్ చేయబోతుండగా తెర నల్లబడింది. చెల్లి ఏడవలేదు, అరవలేదు. "అక్కా, రేపు నెట్ సెంటర్‌కే పోదాం" అంది మెల్లగా. ఆ మాట నాకు గుచ్చుకున్నట్టు ఎర్రపెన్ను సారు తిట్లు కూడా గుచ్చుకోలేదు.

శనివారం సెలవు పెట్టేశాను. అన్నీ విప్పాను, బిగించాను, ఇక విప్పడానికి ఏమీ మిగల్లేదు. చివరికి ఆ పుస్తకం ముందేసుకుని మొదటి పేజీ నుంచి చదివాను. నేను రాసినవి ఎన్నిసార్లు చదివినా ఒకటే మాట, 'ఆగిపోయింది, కారణం తెలియదు.' ఇక కొట్టేసినవాటి మీద పడ్డాను. సారు నేర్పిన గీత కదా, కింద అమ్మ గుండ్రటి అక్షరాలు ఒక్కటీ చెడకుండా ఉన్నాయి. కంప్యూటరు పోయిన ప్రతిరోజూ ఒక మాట ఉంది. 'నల్లా వచ్చింది. మోటరు ఏసిన.' పోని రోజుల్లో ఆ మాట లేదు. మా వీధికి మంజీర నీళ్లు రోజు విడిచి రోజు, సాయంత్రం ఆరింటికి వచ్చేవి. ధార సన్నగా ఉంటుంది కాబట్టి నల్లాకే మోటరు తగిలించి పైన ట్యాంకులోకి గుంజేవాళ్లం. (అలా చేయకూడదని వీధిలో అందరికీ తెలుసు. అందరూ చేసేవాళ్లు.)

కానీ ఒక చిక్కుంది. కంప్యూటరు పోయింది ఆరూ అయిదుకైతే, అమ్మ మోటరు వేసినట్టు రాసింది ఆరూ పావుకు. పోయాక వేసిన మోటరు ఎలా కారణమవుతుంది? తల పైకెత్తితే గోడ మీద బాపు గడియారం కనబడింది. కంప్యూటరు కంటే సరిగ్గా పది నిమిషాలు ముందుంది. ల్యాబులో రోజూ పొద్దున్నే గడియారాన్ని సరిచూసి సంతకం పెట్టే మనిషిని, ఇంట్లో ఆ సంగతే మరిచిపోయాను. బల్బు ఒక్క క్షణం తగ్గి పెరగడం నేనూ చూసేదాన్ని. మా వీధిలో అది మామూలే కాబట్టి పట్టించుకోలేదు.

"అమ్మా! కిందికి పోయి మోటరు వెయ్యవే!"

"నల్లా లేని దినం ఉత్త మోటరేస్తే కాలిపోతదే!"

"ఒక్క సెకను చాలు!"

మెట్ల కింద మోటరు గుర్రుమంది. తెర నల్లబడింది. నేను చప్పట్లు కొట్టాను. ఇంకోసారి వేయించాను, ఇంకోసారి పోయింది, ఇంకోసారి చప్పట్లు. అమ్మ ఆయాసపడుతూ పైకొచ్చి చెల్లితో అంది. "నిన్నటిదాక పోతే ఏడ్చింది, ఇయ్యాల పోతే నవ్వుతుంది. కంప్యూటరుకు గాదే, ఈ పిల్లకు చూపియ్యాలె." నేను అమ్మను పట్టుకుని ఒక చుట్టు తిప్పేశాను. లైనక్సు తప్పు లేదు, మెమరీ తప్పు లేదు. మోటరు ఎత్తుకునేటప్పుడు కరెంటు ఒక్క గుటక తగ్గుతుంది, కంప్యూటరులోని ముసలి పవర్ డబ్బా దానికి తట్టుకోలేకపోతోంది, అంతే!

ఆ రాత్రి సైటు అసలు తెరుచుకోలేదు. ఆదివారం పొద్దున్నే చెల్లి మళ్లీ కూర్చుంది. ఆఖరి రోజు కాబట్టి ఊరంతా అదే సైటు మీద పడింది. ఒక పేజీ తెరుచుకోవడానికి అరగంట పట్టేది. ఆరు దగ్గరపడింది, పని కాలేదు, కింద నల్లా సప్పుడైంది. మోటరు వేయకపోతే రెండు రోజులు ఇల్లంతా నీళ్లుండవు. మాకే కాదు, కింద ఉండే ఇంటి ఓనరు ఖాలాకు కూడా. ఏమని అడగాలో తెలియక నేను మెట్ల మీద నిలబడితే, అమ్మ అప్పటికే మోటరు స్విచ్చుకు అడ్డంగా నిలబడి ఖాలాకు విషయం చెప్పేసింది.

"పరేషాన్ గాకు బేటీ" అంది ఖాలా, కొంగు నడుముకు చెక్కుకుంటూ. "చిన్నదాని సీటు ముఖ్యం. నీళ్లు మేం మోస్తం."

సన్నటి ధార కింద బిందెలు ఒక్కొక్కటే నిండాయి. అమ్మ, ఖాలా, యూనిఫారం విప్పకుండానే బాపు, వరుసగా మెట్లెక్కారు, దిగారు. "జరగండి, జరగండి, ముందుకు జరగండి" అంటూ బాపు డ్యూటీలో ఉన్నట్టే అరిచాడు. పైన చెల్లి ఒక్కొక్క కోడు చదవడం, నేను దాన్ని రెండుసార్లు సరిచూడడం. ఏడింటికి పావుగంట ఉందనగా ఆఖరి బటన్ నొక్కింది. 'నమోదైంది' అని వచ్చింది. ఆ పేజీని పెన్‌డ్రైవులోకి ఎక్కించి, బయటికి పరుగెత్తుకొచ్చి గట్టిగా అరిచాను.

"మోటరేస్కోండ్రి!"

గుర్రుమంది. వెనక తెర నల్లబడింది. ఎవరమూ వెనక్కి తిరిగి చూడలేదు.

చెల్లికి తను కోరిన కంప్యూటర్ సీటే వచ్చింది. పవర్ డబ్బా మార్చాక ఆ కంప్యూటరు ఇంకో అయిదేళ్లు మాకు సేవ చేసింది. ఇప్పుడు మా ల్యాబులో ఎర్రపెన్ను నా చేతిలో ఉంది. కొత్తపిల్లలు నాకేదో పేరు పెట్టారు. నాకు తెలియదని అనుకుంటున్నారు, అనుకోనీ. వాళ్లకు అడ్డగీత నేర్పించే రోజున నా బీరువాలోని ఆ లాంగ్ నోట్‌బుక్కు గుర్తుకొస్తుంది, ఇంటికి రాగానే తీసి తెరుస్తాను. ఆ ఆదివారం సాయంత్రం అమ్మ రాసిన మోటరు మాటల మీది గీతలన్నిటి పక్కనా నేను 'సంబంధం ఉంది. కొట్టేయడం నా తప్పు' అని రాసి, సంతకం, తేదీ వేశాను. అమ్మ నాచేత దాన్ని రెండుసార్లు చదివించుకుంది. తర్వాత తడిచేతులు కొంగుకు తుడుచుకుని పెన్ను అడిగింది. నేను నాకోసమే దాచిపెట్టుకున్న ఆఖరి గడిలో, సరిచూసినవారు అన్నచోట, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ తన పేరు రాసింది. అప్పటి నా పెద్దరికాన్ని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది, నవ్వొస్తుంది, పుస్తకం మూయబుద్ధి కాదు.