దానం అంకుల్ బొటనవేలి గోరు

యేసుదానం అంకుల్ ఎడమచేతి బొటనవేలి గోరు ఎప్పుడూ కాస్త పొడుగ్గా ఉండేది. చర్చిలో రొట్టె అందుకోవడానికి ఆయన చెయ్యి చాపినప్పుడల్లా, ఇంత పెద్దమనిషి గోళ్లు తీసుకోడేమిటని ఆడవాళ్లు ముఖం చిట్లించేవాళ్లు. వాళ్లకేం తెలుసు? ఆ ఒక్క గోరుతో అబిడ్స్‌లో, నాంపల్లిలో ఎన్ని కౌంటర్లు కూర్చున్నాయో నాకు తెలుసు.

ఆయన పని ఫర్మాలు తీయడం. దుకాణంలో వంపు తిరిగిన గోడ ఉండి, దాని వెంట గ్రానైట్ కౌంటర్ పెట్టాలంటే ముందు ఆ వంపును అట్ట మీదికి ఎక్కించాలి. ఆ అట్టే ఫర్మా. దాన్ని రాయి మీద పరిచి మా షాపు కోతపనివాడు గట్టయ్య కోస్తాడు. అంకుల్ ఉస్మాన్‌గంజ్‌లో బిస్కెట్ల అట్టపెట్టెలు ఏరి తెచ్చుకుని, గోడ పొడవునా మోకాళ్ల మీద జరుగుతూ గీసేవాడు. రాయి గోడకు పూర్తిగా ఆనకూడదు, ఆనితే లోపలికి దిగదు. అందుకని గోరు కొన గోడకు తాకించి, వేలి కొసకు పెన్సిల్ ఆనించి గీత లాగేవాడు. అలా మిగిలే గోరంత సందును పైన వచ్చే చెక్క బీడింగ్ కప్పేస్తుంది. పదిహేడేళ్లలో ఒక్క రాయి వెనక్కి రాలేదు. టేపు ఎందుకు వాడవని అడిగితే, "దానికి సీదా పోవుడే తెలుసు బిడ్డా, వంకర గోడతోని దానికేం పని," అనేవాడు.

నా పేరు యూనీస్. నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఇంద్రసేన సార్ నడిపే రాళ్ల షాపులో నేను కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని. మా నాన్న పోయాక నన్ను వెంటబెట్టుకుని వెళ్లి అక్కడ పని ఇప్పించింది దానం అంకులే. అది మరిచిపోయేదాన్ని కాదు. కానీ గుర్తుపెట్టుకుని నేను చేసిన ఘనకార్యం ఏమిటో వినండి.

2005 ఎండాకాలంలో షాపుకు బెంగుళూరు నుంచి కొలతల మిషన్ వచ్చింది. ఒక పెట్టె, దాన్నుంచి సాగే తీగ, తీగ చివర పెన్నులాంటి మొన. మొనను గోడకు తాకించి బటన్ నొక్కితే ఆ చోటు తెరమీద చుక్కై కూర్చుంటుందని, దాంతో వచ్చిన కంపెనీ కుర్రాడు అంకుల్‌కు చూపించి వెళ్లాడు. చుక్కలన్నీ కలిపితే వంపు. అట్ట లేదు, పెన్సిల్ లేదు. రాయికీ గోడకూ మధ్య వదలాల్సిన సందును కూడా కంప్యూటరే లెక్కగట్టి వదిలేస్తుంది.

"మూడు నెలలు చూద్దాం దానమన్నా," అన్నాడు సార్. "నీకు వస్తే మిషన్ నువ్వే నడుపు. రాకుంటే కంపెనోళ్లు మనిషిని పంపుతమంటున్నరు. అట్టల పని మాత్రం ఇగ బంద్."

అంకుల్‌కు అప్పటికి యాభై ఎనిమిదేళ్లు. ఆయన భార్య రత్నమణి ఆంటీ మంచం పట్టి రెండేళ్లు. కోఠి దాకా తిరిగి వేరే షాపుల్లో అడిగి వచ్చాడని, అంతటా ఇదే మాట అన్నారని గట్టయ్య నాతో చెప్పాడు. ఒకరోజు పొద్దున నేను తలుపు తీసేసరికి అంకుల్ ఆ పెట్టె మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నాడు. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఇనప డబ్బాను బతిమాలే గతి ఆయనకెందుకు పట్టాలి?

మొదటి పని ఒక చిన్న మందుల దుకాణం. రాయి పెట్టాక సందు రెండింతలు తేలింది, బీడింగ్ చాల్లేదు. ఎవరి కంటా పడకముందే వెడల్పు బీడింగ్ తెప్పించి కప్పించాను. రెండో పనికి వెంట వెళ్లి చూశాను. మొన గోడను తాకడం లేదు. ఆయన గోరే తాకుతోంది, దాని వెనక మొన! చేతికి పట్టిన అలవాటు. ఆయన గోరంత వదులుతున్నాడు, కంప్యూటర్ మరో గోరంత వదులుతోంది.

అప్పుడే చెప్పాల్సింది. చెబితే ఉన్న ధైర్యం కూడా పోతుందని, పెద్ద తెలివిగలదానిలా నోరు మూసుకున్నాను. షాపుకు వచ్చి, ఆయన తెచ్చిన వంపును కంప్యూటర్‌లో గోరంత, అంటే మూడు మిల్లీమీటర్లు, గోడవైపు జరిపాను. రాయి చక్కగా కూర్చుంది. మూడో పనికీ అలాగే జరిపాను. "దానమన్న మిషన్‌ను వశం జేసుకున్నడు," అన్నాడు సార్. అంకుల్ షాపంతటికీ జిలేబీ పంచాడు. నేనూ తిన్నాను.

నాలుగోది అబిడ్స్‌లో కళ్లద్దాల షోరూమ్. వెనకగోడ అర్ధచంద్రంలా ఉంది. తొమ్మిదడుగుల నల్లరాయి, ఒకటే ముక్క, రెండు స్తంభాల మధ్య దిగాలి. మూడు నెలల గడువు దాంతో పూర్తవుతుంది. ఆ కొలతలకు నేను వెళ్లలేదు. ఆయన చెయ్యి నాకు తెలియనిదా అనుకున్నాను. ఫైల్ రాగానే అడగకుండానే మూడు మిల్లీమీటర్లు జరిపేశాను.

రాయి పెట్టే రోజు మధ్యాహ్నం అందరం అక్కడే ఉన్నాం. ఆరుగురు ఎత్తి లోపలికి తోశారు. సగం దిగి ఆగిపోయింది.

"దిగుతలేదు సార్," అన్నాడు గట్టయ్య. "జర కొట్టి చూడాల్నా?"

సార్ తలూపాడు. చెక్క సుత్తితో నాలుగు దెబ్బలు వేశారు. ఐదో దెబ్బకు మూల పగిలి, ఆ పగులు రాయి నడుమ దాకా పాకింది.

అంకుల్ వంగి గోడ వెంట బొటనవేలు రాస్తూ పోయాడు. అప్పుడు చూశాను, గోరు లేదు. కండ దాకా కత్తిరించేశాడు.

"గోరేమైంది అంకుల్?"

"కొలతలకు వచ్చిన దినం పొద్దుగాల తీసేసిన బిడ్డా. అది ఉంటే చెయ్యి ఊకుంటలేదు, గోడకు అదే ముందల పోతుంది. మొన తాకాలని మిషన్ పిలగాడు చెప్పిండు గదా. తాకిచ్చిన. ఒక్క చుక్క ఇడిసిపెట్టలే. మరి గిట్లెందుకైంది?"

ఆయన కొలత సరైంది. కంప్యూటర్ వదిలిన సందును నేనే మింగేశాను.

దాచలేకపోయాను. అక్కడే, గట్టయ్య వింటుండగానే, సార్‌తో అంతా చెప్పేశాను. మొదటిది బీడింగ్ కింద దాచానని, తర్వాతి రెండూ కంప్యూటర్‌లో జరిపానని, ఇదీ జరిపానని. తప్పు నాదని, కావాలంటే నన్నే తీసేయమని అన్నాను. నిజం చెబితే ఆయన నిలబడతాడనుకున్నాను.

సార్ అరవలేదు. అరిచినా బాగుండేది.

"అంటే ముందల మూడు కొలతలూ తప్పేనా?"

"ఈసారిది కరెక్టే సార్."

"ఔ, ఒక్కటి కరెక్ట్ వచ్చింది. మూడు నువ్వు దిద్దినవి. అన్నకు పని వచ్చిందని నేననుకుంటి." తర్వాత అంకుల్ వైపు తిరిగాడు. "సోమవారం కంపెనీ మనిషి వస్తడు దానమన్నా. ఇగ నువ్వు ఇంటికాడ ఉండు."

నేను నోరు మూసుకుని ఉంటే ఒక్క రాయే పోయేది. నోరు తెరిచి ముందు మూడు పనులనూ ఆయన చేతిలోంచి లాగేశాను.

అంకుల్ వెంట తెచ్చిన మిషన్ తీగను నెమ్మదిగా లోపలికి పోనిచ్చి, పెట్టె మూత వేసి, తుడిచి సార్‌కు అప్పజెప్పాడు. మెట్ల దగ్గర నా పక్కన ఆగాడు. నామీద కోప్పడతాడని చూశాను. నాకది కావాల్సి ఉంది.

"మూడూనా?" అన్నాడు.

"మూడూ, అంకుల్."

ఆయన తన బొటనవేలు చూసుకున్నాడు.

"చెప్పకపోతివి బిడ్డా. చెప్తే మొదటి దినమే తీసేస్తుంటి గద."